విండోస్ 11, విండోస్ 7, ఎక్స్‌పీ, మ్యాక్, ఉబుంటు: అన్నిటినీ ఒకే సాంబా సర్వర్‌కు కలపాలి

బెజవాడ_డీటీపీ

నమస్కారం అండీ. విజయవాడలో ప్రింటింగ్ ప్రెస్‌కు అనుబంధంగా నడిచే డీటీపీ యూనిట్ మాది. ఫైల్ సర్వర్‌గా డెబియన్ 12 (లైనక్స్) వేసిన పీసీ ఉంది. అందులో సాంబా 4.17 (లైనక్స్ ఫోల్డర్లను నెట్‌వర్క్‌లో విండోస్, మ్యాక్‌లకు చూపించే సాఫ్ట్‌వేర్), మిర్రర్‌గా (ఒకదానికొకటి నకలుగా) పెట్టిన రెండు 4 టీబీ డిస్కులు. ఐపీ 192.168.1.10. "జాబ్స్" అని ఒకే షేర్, పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా ఎవరైనా తెరిచేలా పెట్టాం.

దీనికి కలవాల్సినవి: విండోస్ 11 ప్రో సిస్టమ్‌లు మూడు, పేజ్‌మేకర్, అను ఫాంట్లు ఉన్న విండోస్ 7 రెండు, ఒక ఐమ్యాక్, ఒక ఉబుంటు. వీటితో పాటు ప్లేట్ మెషీన్‌కు కట్టిన విండోస్ ఎక్స్‌పీ ఒకటి. ఆ మెషీన్ సాఫ్ట్‌వేర్ ఎక్స్‌పీలోనే నడుస్తుంది, మార్చే వీలు లేదు.

ఇప్పుడున్న పరిస్థితి ఇది. విండోస్ 7లో షేర్ బాగానే తెరుచుకుంటోంది. విండోస్ 11ను 24హెచ్2కి అప్‌డేట్ చేసినప్పటి నుంచి "మీ సంస్థ భద్రతా విధానాలు గెస్ట్ యాక్సెస్‌ను అడ్డుకుంటున్నాయి" అనే అర్థం వచ్చే మెసేజ్ వస్తోంది. ఐమ్యాక్ కనెక్ట్ అవుతుంది, కానీ అందులో సేవ్ చేసిన ఫైళ్లు విండోస్‌లో రీడ్-ఓన్లీగా తెరుచుకుంటున్నాయి. కొన్ని తెలుగు పేర్ల ఫైళ్లు మ్యాక్‌లో కనిపిస్తాయి, క్లిక్ చేస్తే తెరుచుకోవు. ఉబుంటులో ఫైల్స్ యాప్ ద్వారా తెరుస్తాం కానీ స్క్రైబస్ (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) నుంచి నేరుగా సేవ్ చేయలేం. ఎక్స్‌పీ అసలు కలవదు.

సాంబా కాన్ఫిగ్‌లో "సర్వర్ మిన్ ప్రోటోకాల్ = ఎన్‌టీ1" అని రాస్తే ఎక్స్‌పీ కలుస్తుందని, విండోస్ 11లో గెస్ట్ లాగిన్‌ను పాలసీలో ఆన్ చేస్తే చాలని సలహాలు కనిపించాయి. చేయవచ్చా?

---

తీగలగుత్తి

రెండూ చేయకండి. అలా చేస్తే ఒక్క ఎక్స్‌పీ కోసం మిగతా ఏడు సిస్టమ్‌ల భద్రత తగ్గించినట్టవుతుంది.

ఎస్ఎంబీ అంటే నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే ప్రోటోకాల్. ఎక్స్‌పీకి దాని పాత రూపం ఎస్ఎంబీ1 (సాంబాలో దాని పేరు ఎన్‌టీ1) ఒక్కటే వచ్చు. విండోస్ 7 ఎస్ఎంబీ 2.1 మాట్లాడుతుంది, విండోస్ 10, 11 రెండూ 3.1.1 మాట్లాడతాయి. 2017 మే నెలలో వనాక్రై (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) పాకింది ఎస్ఎంబీ1లోని లోపం ద్వారానే. ఆ తర్వాత విండోస్ 10 1709 నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని డిఫాల్ట్‌గా ఇన్‌స్టాల్ చేయడం మానేసింది. సాంబా కూడా 2019లో 4.11 నుంచి కనీస ప్రోటోకాల్‌ను ఎస్ఎంబీ2కి పెంచింది. "సర్వర్ మిన్ ప్రోటోకాల్" అనేది గ్లోబల్ సెట్టింగ్, ఒక్క షేర్‌కు మాత్రమే వర్తించేలా పెట్టలేం. ఎన్‌టీ1 అని రాస్తే సర్వర్ మొత్తానికి ఆ తలుపు తెరిచినట్టే. ఎక్స్‌పీ సంగతి విడిగా చూడాలి.

ముందు విండోస్ 11. మీ సర్వర్‌లో "మ్యాప్ టు గెస్ట్ = బ్యాడ్ యూజర్" అని ఉండి ఉంటుంది. అంటే సాంబాకు తెలియని పేరుతో ఎవరొచ్చినా గెస్ట్‌గా లోపలికి పంపేస్తుంది. విండోస్ 7 దానికి ఒప్పుకుంటుంది. 24హెచ్2 ప్రోలో రెండు విషయాలు మారాయి: గెస్ట్ లాగిన్ డిఫాల్ట్‌గా ఆఫ్, ఎస్ఎంబీ సైనింగ్ (సందేశం దారిలో మారలేదని చూపే సంతకం) తప్పనిసరి. గెస్ట్ సెషన్‌కు పాస్‌వర్డ్ లేదు కాబట్టి సైన్ చేయడానికి కీ ఉండదు. అందుకే పాలసీలో గెస్ట్ ఒక్కటి ఆన్ చేస్తే సరిపోదు, సైనింగ్ కూడా ఆఫ్ చేయాల్సి వస్తుంది. ఒక్కో సిస్టమ్‌లో రెండు రక్షణలు తీసేసే బదులు, సర్వర్‌లో యూజర్లను పెట్టడం తక్కువ పని.

సర్వర్‌లో "డీటీపీ" అనే గ్రూప్ చేయండి. ప్రతి మనిషికీ ఒక లైనక్స్ యూజర్ చేసి ఆ గ్రూప్‌లో చేర్చండి. షెల్ లాగిన్ అక్కర్లేదు, షెల్‌గా నోలాగిన్ ఇవ్వండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. సాంబా పాస్‌వర్డ్‌లు లైనక్స్ పాస్‌వర్డ్‌లు ఒకటి కావు, వాటికి వేరే డేటాబేస్ ఉంటుంది. "ఎస్ఎంబీపాస్‌డబ్ల్యూడీ -ఏ యూజర్‌పేరు" కమాండ్‌తో ఒక్కొక్కరినీ అందులో చేర్చాలి. తర్వాత కాన్ఫిగ్‌లో "మ్యాప్ టు గెస్ట్ = నెవర్", షేర్‌లో "గెస్ట్ ఓకే = నో", "వాలిడ్ యూజర్స్ = @డీటీపీ" పెట్టండి. సేవ్ చేశాక "టెస్ట్‌పార్మ్" నడపండి. స్పెల్లింగ్ తప్పు పడిన లైన్లు అది చూపిస్తుంది. ఆ తర్వాతే సర్వీస్ రీస్టార్ట్ చేయండి.

విండోస్ వైపు పాత కనెక్షన్లు ముందు తీసేయాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో "నెట్ యూజ్ * /డిలీట్" ఇవ్వండి. ఇది చేయకుండా కొత్త యూజర్‌తో కలిస్తే 1219 ఎర్రర్ వస్తుంది. ఒకే సర్వర్‌కు ఒకే సెషన్‌లో రెండు పేర్లతో కలవడాన్ని విండోస్ ఒప్పుకోదు. క్రెడెన్షియల్ మేనేజర్‌లో సర్వర్ పేరు మీద పాత ఎంట్రీ ఉంటే అదీ తీసేసి, కొత్తగా ఐపీ, యూజర్, పాస్‌వర్డ్ ఇచ్చి సేవ్ చేయండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యే సిస్టమ్‌లలో విండోస్ ముందుగా ఆ ఈమెయిల్ పేరునే పంపుతుంది. అక్కడ యూజర్ పేరుకు ముందు సర్వర్ పేరు, బ్యాక్‌స్లాష్ కలిపి ఇస్తే ఏ ఖాతానో స్పష్టంగా ఉంటుంది. పిన్ నంబర్ ఇక్కడ పనిచేయదు, సాంబా పాస్‌వర్డే ఇవ్వాలి.

డ్రైవ్ మ్యాప్ చేసేటప్పుడు అన్ని విండోస్ సిస్టమ్‌లలోనూ ఒకే అక్షరం వాడండి, ఉదాహరణకు జెడ్. పేజ్‌మేకర్ ఫైల్‌లో లింక్ చేసిన బొమ్మల దారి కూడా ఉంటుంది. ఒక చోట జెడ్, ఇంకో చోట వై అయితే ప్రతిసారీ లింకులు వెతికి ఇవ్వాల్సి వస్తుంది. అను ఫాంట్లు మాత్రం సర్వర్‌లో ఉంచి వాడకండి, ప్రతి సిస్టమ్‌లో లోకల్‌గా ఇన్‌స్టాల్ చేయండి.

---

మూలకోడు

మ్యాక్ గురించి నేను రాస్తాను. అక్కడ మూడు వేర్వేరు సమస్యలు కలిసిపోయి ఉన్నాయి.

మొదటిది రీడ్-ఓన్లీ. ఫైండర్ ఫైల్‌ను కాపీ చేసేటప్పుడు మ్యాక్‌లో ఉన్న అనుమతులను సర్వర్ మీద కూడా పెట్టాలని చూస్తుంది. దాంతో ఫైల్ 644 అయిపోతుంది, రాసినవాడికి తప్ప గ్రూప్‌లో ఎవరికీ మార్చే హక్కు ఉండదు. సాంబాలో మ్యాక్ కోసం ఉన్న ఫ్రూట్ మాడ్యూల్‌లో "ఫ్రూట్:ఎన్ఎఫ్ఎస్_ఏసెస్ = నో" అని పెడితే ఆ పని ఆగుతుంది. దాంతోపాటు షేర్‌లో "ఫోర్స్ గ్రూప్ = డీటీపీ", "ఫోర్స్ క్రియేట్ మోడ్ = 0664", "ఫోర్స్ డైరెక్టరీ మోడ్ = 2775" ఇవ్వండి. ముందున్న 2 వల్ల ఆ ఫోల్డర్‌లో పుట్టే ప్రతిదానికీ అదే గ్రూప్ వస్తుంది. ఇవి కొత్త ఫైళ్లకే వర్తిస్తాయి. పాతవాటిని ఒకసారి చేత్తో సరిచేయాలి: గ్రూప్ మొత్తం మార్చి, ఫోల్డర్లకు 2775, ఫైళ్లకు 664. అన్నిటికీ కలిపి 775 కొట్టేస్తే ప్రతి ఫైలూ ఎగ్జిక్యూటబుల్ అవుతుంది, విడివిడిగా చేయండి.

ఫ్రూట్ మాడ్యూల్ ఒక్కటే పనిచేయదు. గ్లోబల్ భాగంలో "వీఎఫ్ఎస్ ఆబ్జెక్ట్స్ = కేటియా ఫ్రూట్ స్ట్రీమ్స్_ఎక్స్‌ఆట్ర్" అని ఇదే వరుసలో ఉండాలి. ఏదో ఒక షేర్‌లో మాత్రమే పెట్టడం తప్పు. మ్యాక్ తన ప్రత్యేక సౌకర్యాల సంగతి మొదట తెరిచిన షేర్ దగ్గరే మాట్లాడుకుంటుంది. ఆ షేర్‌లో ఫ్రూట్ లేకపోతే మిగతావాటికీ రాదు. ఇంకో గోతి: ఏదైనా షేర్ కింద మళ్లీ "వీఎఫ్ఎస్ ఆబ్జెక్ట్స్" లైన్ రాస్తే అది గ్లోబల్ లైన్‌కు అదనంగా చేరదు, దాని స్థానంలో కూర్చుంటుంది. రీసైకిల్ మాడ్యూల్ కావాలంటే (డీటీపీ ఆఫీసులో తప్పకుండా కావాలి, నెట్‌వర్క్ నుంచి డిలీట్ చేసినవి విండోస్ రీసైకిల్ బిన్‌లోకి వెళ్లవు) నాలుగు పేర్లూ కలిపి మళ్లీ రాయాలి.

రెండోది తెలుగు పేర్లు. "శ్రీశైలం పోస్టర్" అనే ఫైల్ తీసుకోండి. అందులోని "శై"కి ఉన్న ఐత్వం యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయవచ్చు: ఒకే కోడ్ 0సీ48గా, లేదా ఎత్వం 0సీ46, దాని కింద ఐత్వపు గుర్తు 0సీ56 అనే రెండు కోడ్‌లుగా. కంటికి రెండూ ఒకటే. పాత మ్యాక్ డిస్క్ ఫార్మాట్ హెచ్ఎఫ్ఎస్+ పేర్లను ఎప్పుడూ విడగొట్టి రెండో పద్ధతిలో దాస్తుంది. అలాంటి డిస్క్ నుంచి ఆర్‌సింక్ (ఫైళ్లు కాపీ చేసే కమాండ్) లాంటి దారిలో సర్వర్‌కు ఎక్కించిన ఫైళ్లు విడగొట్టిన పేరుతోనే లైనక్స్‌లో పడతాయి. మ్యాక్ మళ్లీ ఎస్ఎంబీ ద్వారా అడిగేటప్పుడు కలిపిన రూపంతో అడుగుతుంది. లైనక్స్‌కు అవి వేర్వేరు పేర్లు, "అలాంటి ఫైల్ లేదు" అంటుంది. తెలుగు అక్షరాల్లో ఇలా విడిపోయేది ఐత్వం ఒక్కటే, కాబట్టి మీ దగ్గర మొరాయిస్తున్న పేర్లలో "ై" ఉందేమో చూడండి. ఉంటే కారణం ఇదే. మందు: సర్వర్‌లో "కన్వ్‌ఎంవీ" ప్యాకేజీ వేసి, యూటీఎఫ్8 నుంచి యూటీఎఫ్8కి, --ఎన్ఎఫ్‌సీ, -ఆర్ ఆప్షన్లతో ఆ ఫోల్డర్ మీద నడపండి. ఊరికే నడిపితే ఏం మారుస్తుందో చూపిస్తుందంతే. ఆ జాబితా సరిగ్గా ఉందనిపించాక --నోటెస్ట్ కలిపి మళ్లీ నడిపితే నిజంగా మారుస్తుంది.

పేర్ల గురించే ఇంకోటి, ఇది విండోస్ వాళ్లకూ పనికొస్తుంది. డెబియన్‌లో మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4లో ఫైల్ పేరుకు హద్దు 255 బైట్లు. తెలుగులో ప్రతి అక్షరం, ప్రతి గుణింతపు గుర్తు, ప్రతి పొల్లూ మూడేసి బైట్లు. "శ్రీశైలం" చూడటానికి మూడక్షరాలు, లెక్కకు ఎనిమిది కోడ్‌లు, 24 బైట్లు. విండోస్ డిస్క్ మీద హద్దు 255 కోడ్‌లు కాబట్టి అక్కడ హాయిగా ఉన్న పొడవాటి తెలుగు పేరు సర్వర్‌కు కాపీ చేస్తే ఆగిపోతుంది. తెలుగులో సుమారు 80 కోడ్‌ల లోపు ఉంచుకుంటే ఇబ్బంది రాదు. షేర్ పేరు, పై స్థాయి ఫోల్డర్ల పేర్లు మాత్రం ఇంగ్లీషులోనే పెట్టండి.

మూడోది, "._"తో మొదలయ్యే ఫైళ్లు. ఇవి విండోస్‌లో చిరాకు పుట్టిస్తాయని కొందరు వీటోలో (సాంబా అడ్డుకునే పేర్ల జాబితాలో) పెట్టేస్తారు. ప్రెస్‌లో అది ప్రమాదం. పాత మ్యాక్ పోస్ట్‌స్క్రిప్ట్ ఫాంట్లలో అసలు సరుకంతా రిసోర్స్ ఫోర్క్‌లో (ఫైల్‌కు అనుబంధంగా ఉండే రెండో భాగంలో) ఉంటుంది. సాంబా దాన్ని ఆ "._" ఫైల్‌లోనే దాస్తుంది. విండోస్‌లో సున్నా బైట్లుగా కనిపించే ఫాంట్ ఫైల్‌ను ఖాళీ అనుకుని తీసేయడం కూడా ఇలాంటిదే.

కనెక్ట్ కావడానికి ఫైండర్‌లో కమాండ్-కే నొక్కి ఎస్ఎంబీ://192.168.1.10/జాబ్స్ రూపంలో ఇవ్వండి. ఏఎఫ్‌పీ (యాపిల్ పాత ఫైల్ షేరింగ్ పద్ధతి) జోలికి వెళ్లకండి. 2013 నాటి మావెరిక్స్ నుంచే మ్యాక్‌కు ఎస్ఎంబీ డిఫాల్ట్.

---

బెజవాడ_డీటీపీ

ఇద్దరికీ ధన్యవాదాలండీ. మొరాయించే పేర్లన్నిటిలోనూ "ై" ఉంది! "వైశాఖం", "శైలజ వెడ్స్" లాంటివి. యూజర్లు, పాస్‌వర్డ్‌లు పెట్టాక విండోస్ 11 మూడూ, విండోస్ 7 రెండూ కలిశాయి. కానీ ఎక్స్‌ప్లోరర్‌లోని నెట్‌వర్క్‌లో సర్వర్ పేరు కనిపించడం లేదు, ఐపీ కొడితేనే వస్తోంది. అలాగే ఎక్స్‌పీ, ఉబుంటు మిగిలాయి. ఎక్స్‌పీ పని ఒక్కటే: సర్వర్‌లోని "ప్లేట్" ఫోల్డర్ నుంచి ఫైల్ తెచ్చుకుని తన లోకల్ హాట్ ఫోల్డర్‌లో (అందులో పడిన ఫైల్‌ను ప్లేట్ సాఫ్ట్‌వేర్ తనంతట తానే తీసుకుంటుంది) వేసుకోవాలి.

---

పంపుహౌస్

సర్వర్ పేరు కనిపించకపోవడం లోపం కాదు. పాత నెట్‌వర్క్ జాబితా ఎస్ఎంబీ1తో ముడిపడి ఉండేది, అది పోవడంతో జాబితా కూడా పోయింది. ఇప్పుడు విండోస్ డబ్ల్యూఎస్-డిస్కవరీతో వెతుకుతుంది, సాంబాకు అది సొంతంగా రాదు. సర్వర్‌లో "డబ్ల్యూఎస్‌డీడీ" ప్యాకేజీ వేయండి. ఫైర్‌వాల్ ఉంటే యూడీపీ 3702, టీసీపీ 5357 తెరవండి. మ్యాక్ సైడ్‌బార్‌లో రావడానికి "అవాహి", యూడీపీ 5353. ఫైళ్లకు మాత్రం టీసీపీ 445 ఒక్కటే చాలు. ఇవన్నీ లోపలి నెట్‌వర్క్‌కే తెరవండి, రౌటర్‌లో 445ను బయటికి ఫార్వర్డ్ చేయకండి. రౌటర్‌లో సర్వర్ మ్యాక్ అడ్రస్‌కు (యాపిల్ మ్యాక్ కాదు, నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబర్) 192.168.1.10ని రిజర్వ్ చేసి పెట్టండి, లేకపోతే కరెంటు పోయి వచ్చాక ఒకరోజు ఆ ఐపీ ఏ ఫోన్‌కో వెళ్లిపోతుంది.

ఎక్స్‌పీకి మీ అవసరం ఒకవైపు కాపీ మాత్రమే కాబట్టి ఎఫ్‌టీపీ చాలు. సర్వర్‌లో "వీఎస్ఎఫ్‌టీపీడీ" వేసి, "ప్లేట్" ఫోల్డర్ తప్ప ఏదీ కనిపించని ఒక యూజర్‌ను చేయండి. ఎఫ్‌టీపీ పాస్‌వర్డ్ తెరిచిన ఉత్తరంలా వెళుతుంది, అందుకని ఆ పాస్‌వర్డ్‌ను ఇంకెక్కడా వాడకండి. ఫైర్‌వాల్‌లో ఎక్స్‌పీ ఐపీకి మాత్రమే పోర్ట్ 21, పాసివ్ పోర్టుల కోసం ఒక చిన్న రేంజ్ (కాన్ఫిగ్‌లో "పాస్వ్_మిన్_పోర్ట్", "పాస్వ్_మ్యాక్స్_పోర్ట్") తెరవండి. యూజర్‌ను ఒక ఫోల్డర్‌కే కట్టేసినప్పుడు "500 ఊప్స్" అనే ఎర్రర్ రావచ్చు. పై ఫోల్డర్‌కు రాసే హక్కు ఉంటే వీఎస్ఎఫ్‌టీపీడీ ఒప్పుకోదు. పై ఫోల్డర్‌ను రూట్ పేరు మీద రాయడానికి వీల్లేకుండా ఉంచి, దాని లోపల "ప్లేట్" పెట్టండి.

ఎక్స్‌పీలో ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ బార్‌లోనే ఎఫ్‌టీపీ తెరుచుకుంటుంది. జాగ్రత్త ఒకటి: నెట్‌వర్క్ నుంచి హాట్ ఫోల్డర్‌లోకి నేరుగా లాగకండి. ఫైల్ సగం దిగేసరికే ప్లేట్ సాఫ్ట్‌వేర్ దాన్ని ఎత్తుకోవచ్చు, ప్లేట్ వృథా అవుతుంది. అదే డ్రైవ్‌లో ఇంకో ఫోల్డర్‌లోకి ముందు పూర్తిగా దింపి, తర్వాత అక్కడి నుంచి హాట్ ఫోల్డర్‌లోకి కట్-పేస్ట్ చేయండి. ఒకే డ్రైవ్ కాబట్టి పేరు మారడమే జరుగుతుంది, ఫైల్ ఒక్కసారిగా పూర్తిగా కనిపిస్తుంది. ప్లేట్‌కు పంపే ఫైళ్లకు ఇంగ్లీషు పేర్లే పెట్టండి, ఎక్స్‌పీ ఎఫ్‌టీపీలో తెలుగు పేర్లు పాడవుతాయి.

ఎక్స్‌పీ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ గేట్‌వే ఖాళీగా వదిలేయండి. లోపలి సర్వర్ అందుతుంది, ఇంటర్నెట్ అందదు. పెన్‌డ్రైవ్‌లు కూడా దానికి పెట్టనివ్వకండి.

---

తీగలగుత్తి

పంపుహౌస్ గారు చెప్పిందే మీకు సరైనది. ఒకవేళ ఎప్పుడైనా ఎక్స్‌పీకి డ్రైవ్ లెటరే కావాల్సి వస్తే, ఎల్ఎక్స్‌సీ కంటెయినర్‌లో (సర్వర్ లోపలే విడిగా నడిచే చిన్న లైనక్స్‌లో) రెండో సాంబా పెట్టి, దానికి వేరే ఐపీ ఇచ్చి, "ప్లేట్" ఫోల్డర్ ఒక్కటే చూపించి, అక్కడ మాత్రమే ఎన్‌టీ1 పెట్టండి. ఫైర్‌వాల్‌లో ఎక్స్‌పీ ఐపీ తప్ప అన్నీ మూసేయాలి. అప్పుడు కూడా పాస్‌వర్డ్ సరిగ్గా ఇచ్చినా తప్పంటుంది. ఎక్స్‌పీ డిఫాల్ట్‌గా పాస్‌వర్డ్ రుజువును పాత ఎన్‌టీఎల్ఎం పద్ధతిలో పంపుతుంది, సాంబా 4.5 నుంచి దాన్ని తిరస్కరిస్తోంది. సాంబాలో సడలించకండి. ఎక్స్‌పీ రిజిస్ట్రీలో కంట్రోల్ కింద ఎల్ఎస్ఏ కీలో "ఎల్ఎంకంపాటిబిలిటీలెవెల్" విలువను 3 చేసి రీస్టార్ట్ చేస్తే ఎన్‌టీఎల్ఎంవీ2 పంపుతుంది.

ఎవరు ఏ ప్రోటోకాల్‌తో కలిశారో సర్వర్‌లో "ఎస్ఎంబీస్టేటస్" చూపిస్తుంది. విండోస్ 7 వరుసలో 2.1 (ఎస్ఎంబీ2_10 అని ఉంటుంది), విండోస్ 11 వరుసల్లో 3_11 కనిపించాలి. ఎక్కడైనా ఎన్‌టీ1 కనిపిస్తే, మీరు మొదట అడిగిన ఆ ఎన్‌టీ1 లైన్ కాన్ఫిగ్‌లో ఉందన్నమాట.

---

మూలకోడు

ఉబుంటు: ఫైల్స్ యాప్‌లో తెరిచింది నిజమైన మౌంట్ కాదు, ఆ డెస్క్‌టాప్ సొంత ఏర్పాటు. కొన్ని ప్రోగ్రామ్‌లకు ఆ దారి అర్థం కాదు. "సీఐఎఫ్ఎస్-యుటిల్స్" వేసి, ఎఫ్‌స్టాబ్‌లో (ఏవి ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఫైల్) ఒక లైన్ రాయండి: షేర్ దారి, మౌంట్ ఫోల్డర్, రకం సీఐఎఫ్ఎస్, ఆప్షన్లుగా క్రెడెన్షియల్స్ ఫైల్ దారి, యూఐడీ=1000, జీఐడీ=1000, వెర్స్=3.1.1, ఐఓచార్‌సెట్=యూటీఎఫ్8, నోఫెయిల్, ఎక్స్-సిస్టమ్‌డీ.ఆటోమౌంట్. పాస్‌వర్డ్‌ను ఎఫ్‌స్టాబ్‌లో రాయకండి, ఆ ఫైల్‌ను సిస్టమ్‌లో ఎవరైనా చదవగలరు. క్రెడెన్షియల్స్ ఫైల్‌కు రూట్ యజమానిగా 600 ఇవ్వండి. యూఐడీ రాయకపోతే ఫైళ్లన్నీ రూట్‌వి అన్నట్టు కనిపించి సేవ్ కావు. నోఫెయిల్ లేకపోతే, సర్వర్ ఆఫ్‌లో ఉన్న రోజు ఉబుంటు బూట్ దగ్గరే నిలిచిపోవచ్చు.

---

బెజవాడ_డీటీపీ

ఉబుంటు, ఎక్స్‌పీ రెండూ అయ్యాయి. చివరిగా ఒక సందేహం: ఒక విండోస్ 11 సిస్టమ్‌లో మాత్రం కాపీ వేగం సెకనుకు 11 ఎంబీ దగ్గరే ఆగుతోంది. మిగతావాటిలో 100 దాటుతోంది. సైనింగ్ వల్లేనా?

---

పంపుహౌస్

కాదు. సైనింగే కారణమైతే మూడు విండోస్ 11 సిస్టమ్‌లలోనూ తగ్గాలి. సెకనుకు 11 ఎంబీ అంటే కచ్చితంగా 100 ఎంబీపీఎస్ లింక్. సెట్టింగ్స్‌లో ఈథర్‌నెట్ కింద లింక్ స్పీడ్ చూడండి, 100/100 అని ఉంటుంది. గిగాబిట్‌కు కేబుల్‌లోని నాలుగు జతలూ కావాలి, 100కి రెండు జతలు చాలు. ఆర్‌జే45 క్రింపింగ్‌లో (కేబుల్ చివర కనెక్టర్ బిగించడంలో) మిగతా రెండు జతల్లో ఒక్క తీగ సరిగ్గా కూర్చోకపోయినా ఏ హెచ్చరికా లేకుండా 100కి దిగిపోతుంది. ముందు బాగా నడుస్తున్న సిస్టమ్ కేబుల్‌ను దీనికి పెట్టి చూడండి. 1000 చూపిస్తే పాత కేబుల్ రెండు చివర్లూ కత్తిరించి మళ్లీ క్రింప్ చేయించండి, రెండు వైపులా ఒకే 568బీ వరుసలో. నీలం, గోధుమ రంగు జతలను ముఖ్యంగా టెస్టర్‌తో చూడండి, 568బీలో 100 ఎంబీపీఎస్ వాడనివి ఆ రెండే. కేబుల్ మార్చినా 100 దగ్గరే ఉంటే స్విచ్‌లో వేరే పోర్ట్‌కు మార్చి చూడండి.